సద్దు చేయని పంకాలు

గడచిన సెప్టెంబరు మాసములో ఒకనాడు మధ్యాహ్నపు మొదటి పీరియడునందు మేము కంప్యూటరు గదిలో పాఠము చెప్పుచుండగా కరెంటు పోయెను. బ్యాటరీ పెట్టె రెండు నిమిషములు కీచుకీచుమని యఱచి యూరకుండెను. పదునెనిమిది యంత్రములును ఒక్కసారి నిలిచిపోయెను. అంతట వెనుక బల్లమీద గూర్చుండిన యొక బాలిక లేచి, "మాస్టరుగారూ, ఇప్పుడు మీ మాట వినబడుచున్నదండి" యని చెప్పెను. జూను నెలనుండి సెప్టెంబరు వఱకు ఆ బిడ్డ మా పాఠమును సగము విని, సగము ఊహించుకొని నోటుబుక్కులో వ్రాసికొనుచుండెనన్న సంగతి మాకు ఆనాడు తెలిసెను. మేము సిగ్గుపడితిమి. ఇరువది యేండ్లుగా పాఠములు చెప్పుచున్నవారమయ్యు, మా గొంతు వెనుక బల్లను చేరుచున్నదో లేదో యొక్కనాడును విచారింపక పోతిమి.

ఈ సంవత్సరము ఆ గదిలోని పాత పంకాలను మార్చుటకు మానేజరుగారు కొంత ద్రవ్యము మంజూరు చేసియున్నారు. అందుచేత ఎట్టి పంకాలు కొనవలెనను చర్చ ఉపాధ్యాయుల గదిలో మూడు వారములనుండి జరుగుచున్నది. గాలి బాగుగ విసరిన చాలును, చప్పుడుతో మనకేమి పనియని కొందఱు. రంగుదీపములు గల పంకాలైనచో వార్షికోత్సవమునాడు వచ్చు తల్లిదండ్రులకు గది కనులపండువుగా నుండునని కొందఱు. ఏవి చవుకయో అవి డజనున్నర తెచ్చి బిగించి, మిగిలిన సొమ్ముతో వాలీబాలు వల కొనవచ్చునని మా వ్యాయామోపాధ్యాయులు. వారి వల చినిగియున్న మాట నిజమే. అయినను మా యభిప్రాయము వేఱు. పాఠశాలలోని కంప్యూటరునకు పంకా కొనునప్పుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న అది యెంత సద్దు చేయుననునదే యనియు, తక్కిన ప్రశ్నలన్నియు దాని వెనుక రావలెననియు మేము తలంచుచున్నాము. ఇందులకు కారణములు చెప్పుటకు ఈ పత్రికలో కొంత చోటు కోరుచున్నాము.

తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు కలడు. అతనికి చూపు మిక్కిలి మందము. పుస్తకమును ముక్కునకు ఆనించుకొన్నగాని అక్షరము కనబడదు. అతడు కంప్యూటరు తెరను చూడడు, వినును. ఎన్‌వీడీఏ యను ఉచితమైన ప్రోగ్రాము తెరమీది మాటలను పైకి చదివి వినిపించును. దానిని 2006వ సంవత్సరములో ఆస్ట్రేలియా దేశమందు ఒక అంధ యువకుడు ప్రారంభించెను. అది తెలుగును కూడ చదువగలదు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొన్నయెడల యంత్రము మాట వినబడును గాని మా మాట వినబడదు. అందుచేత ఆ బాలుడు ఒక చెవికి మాత్రము దానిని పెట్టుకొని, రెండవ చెవిని మాకొఱకు విడిచియుంచును. ఒక చెవి యంత్రమునకును, ఒక చెవి గురువునకును ఇచ్చి చదువుకొను బిడ్డకు నడుమ తేనెటీగలు ముసరినట్లు పదునెనిమిది పంకాలు మ్రోగుచుండుట యెట్లుండునో చదువరులే యూహింతురు గాక.

ఇక పంకా యేల కావలెనను సంగతి. యంత్రము పీల్చుకొను విద్యుత్తు యావత్తును తుదకు వేడిమియై వెలువడును. లెక్కలు చేయు యంత్రములు పుట్టినప్పటినుండియు ఈ తగవు వానిని విడువలేదు. 1946వ సంవత్సరములో అమెరికా దేశమందు ఫిలడెల్ఫియా నగరమున లోకమునకు చూపబడిన ఎనియాక్ అను యంత్రములో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులుండెను. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును తీసికొనుచుండెను. దానిని చల్లార్చుటకు పెద్ద పెద్ద యంత్రములతో గాలి తోలవలసివచ్చెను. సద్దు నసహ్యించుకొని పంకానే తీసివేసినవారును లేకపోలేదు. 1980వ సంవత్సరములో వెలువడిన ఆపిల్ మూడు అను కంప్యూటరునందు పంకా యుంచలేదు; అల్యూమినియపు దిమ్మయే వేడిని లాగివేయునని నిర్మాతలు తలంచిరి. ఆ యంత్రములు వేడెక్కి, లోపలి చిప్పులు తమ గుంటలలో కదలి, అనేకములు పనిచేయక తిరిగి వచ్చెను. కాబట్టి పంకా లేకుండ జరుపుకొందమనుట తొందరపాటు. గాలి ఆడవలెను, సద్దు రాకూడదు; ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే కొనువాని పని.

ఎంత గాలి కావలెనో తెలిసికొన్నయెడల సగము వివాదము తీరును. మా గణితోపాధ్యాయులు ఒక సాయంకాలము నల్లబల్లమీద ఈ లెక్క వేసి చూపిరి. పదవ తరగతివారు దీనిని తామే చేయవచ్చును. మన యంత్రమొకటి బరువైన పనిలో నున్నప్పుడు సుమారు 100 వాట్ల వేడి నిచ్చుననుకొందము. ఘనమీటరు గాలి యొక్క బరువు సుమారు 1.2 కిలోగ్రాములు. కిలోగ్రాము గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 1,000 జౌళ్లు పట్టును. పెట్టెలోనికి పోవు గాలి కంటె బయటికి వచ్చు గాలి 10 డిగ్రీలు మాత్రమే హెచ్చుగా వేడెక్కవలెననిన, సెకనుకు 100 జౌళ్లను 12,000 చేత భాగింపవలెను. గంటకు సరిగా 30 ఘనమీటర్ల గాలి చాలునని తేలును. ఇప్పుడు అంగడిలో దొరకు 120 మిల్లీమీటర్ల మంచి పంకాలు పూర్తి వేగమున, అడ్డేమియు లేనిచోట, గంటకు 90 మొదలు 120 ఘనమీటర్ల వఱకు గాలి తోలునని తయారుచేసినవారు వ్రాయుచున్నారు. పెట్టెలో జల్లెడలు, తీగలు, ఇరుకుదారులు ఉండును గనుక అందులో సగమైనను రాకపోవచ్చును. అయినను ఒక్క పంకా, అదియు మెల్లగా తిరుగుచు, మన యంత్రమునకు సరిపోవుననుట స్పష్టమే. ముందొకటి, వెనుకొకటి, పైనొకటి బిగింపవలెనను వారు ఆటలకొఱకు 400, 500 వాట్లు మ్రింగు యంత్రములను కట్టుకొనినవారి మాటలు విని చెప్పుచున్నారు. మనకు అవి పనికిరావు.

మెల్లగా తిరుగుటలోనే మర్మమంతయు కలదు. పంకా వేగమును సగము చేసినయెడల గాలి కూడ సగమగును. గాలిని నెట్టు బలము నాలుగవ వంతగును. తీసికొను విద్యుత్తు ఎనిమిదవ వంతగును. సద్దు మాత్రము సుమారు 15 డెసిబెల్లులు తగ్గును. పది డెసిబెల్లులు తగ్గినప్పుడు మన చెవికి చప్పుడు సగమైనట్లు తోచునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు గనుక, సగము గాలిని వదులుకొని సగము కంటె నెక్కువ సద్దును వదలించుకొనుచున్నామన్నమాట. ఇంతకంటె లాభమైన బేరము మేమెఱుగము. చిన్న పంకాకు ఈ సౌకర్యము లేదు. 80 మిల్లీమీటర్ల పంకాకు కావలసిన గాలి తోలుటకు గిరగిర తిరుగక తప్పదు. 120 మిల్లీమీటర్ల పంకా చుట్టు వైశాల్యము దానికి రెండింతలకు పైగా నుండుటచేత తాపీగా తిరిగి అదే పని చేయును. ఎద్దు నడకకును, మేకపిల్ల గంతులకును గల భేదము వంటిదిది. కాబట్టి పెట్టెకు పట్టగలిగిన పంకాలలో మిక్కిలి పెద్దదానినే కొనవలెను.

పట్టునో పట్టదో కంటితో చూచి చెప్పరాదు. కొలబద్ద తీసికొని, మరలు బిగించు రంధ్రములలో ఒకదాని నడిమినుండి పక్కదాని నడిమికి కొలువవలెను. 71.5 మిల్లీమీటర్లు వచ్చినయెడల అది 80 మిల్లీమీటర్ల పంకా స్థలము, 82.5 వచ్చిన 92 మిల్లీమీటర్లది, 105 వచ్చిన 120 మిల్లీమీటర్లది, 124.5 వచ్చిన 140 మిల్లీమీటర్లది. మందము సాధారణముగా 25 మిల్లీమీటర్లు. మన గదిలో పండ్రెండు యంత్రములకు 105 వచ్చినది. తక్కిన ఆరును పాత పెట్టెలు, వానికి 71.5 మాత్రమే వచ్చినది. ఈ ఆరింటిని గూర్చి తరువాత చెప్పెదము.

పంకాల అట్టపెట్టెలమీద డెసిబెల్లుల లెక్క యచ్చువేసి యుండును. దానిని వేదవాక్యముగా గైకొనరాదు. ఆ కొలతలు సాధారణముగా నిశ్శబ్దమైన గదిలో, పంకాను ఏ పెట్టెకును బిగింపక, ఏ అడ్డమును లేక తిరుగనిచ్చి తీసినవి. ఒకరు మీటరు దూరమునుండి కొలుతురు, మఱియొకరు ఎంత దూరమునుండి కొలిచిరో వ్రాయనే వ్రాయరు. పైగా ఆ లెక్క యొక్క పంకాది. సమానమైన సద్దు చేయునవి రెండు కలిసినయెడల 3 డెసిబెల్లులు హెచ్చును. పదునెనిమిది కలిసినయెడల పండ్రెండున్నర హెచ్చును. 25 డెసిబెల్లుల పంకాలు పదునెనిమిది మనకు సమానమైన దూరములో నున్నవనుకొన్నచో 37 దాటిపోవును. తరగతి గదిలో పాఠము జరుగుచుండగా వెనుకటి సద్దు 35 డెసిబెల్లులకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1999వ సంవత్సరములో సలహా నిచ్చియున్నారు. రోడ్డుమీది లారీల హారనులు, పక్క తరగతి ఎక్కాలు, ఆటస్థలపు కేకలు ఇంకను లెక్కకు రానేలేదు. ఇంటిలో ఒక్క యంత్రము గలవానికి 25 డెసిబెల్లుల పంకా శాంతమైనదే. మనకు అది చాలదు. అట్టపెట్టెమీది లెక్క పూర్తి వేగమునకు సంబంధించినదని జ్ఞాపకముంచుకొని, వేగము తగ్గింపగలిగిన దానినే యెన్నుకొనవలెను.

సద్దులన్నియు ఒక్కజాతివి కావు. గాలి రాసుకొనుటవలన వచ్చు ధ్వని, చెట్ల ఆకులు గలగలలాడినట్లు, కొంతసేపటికి చెవికి అలవాటగును. ఒకే స్వరముగా సాగదీయు కూత మాత్రము తలలో గ్రుచ్చుకొనును. ఏడు రెక్కల పంకా నిమిషమునకు 1,200 చుట్లు తిరిగినయెడల సెకనుకు 140 మారులు రెక్క అడ్డుపుల్ల నెదుట దాటును. అదే దాని స్వరము. పెట్టె రేకునకు కఱ్ఱజల్లెడవలె పొడిచిన రంధ్రములు రెక్కలకు మరీ దగ్గఱగా నున్నయెడల ఈ స్వరము బలపడును; గుండ్రని తీగతో చేసిన వల యైనచో కొంత మేలు. రెండు పంకాలు ఇంచుమించుగా ఒకే వేగమున తిరుగుచు, కొంచెము తేడా పడినప్పుడు, "ఊం... ఊం..." అని అలలు అలలుగా వచ్చు ధ్వనిని చాలమంది వినియుందురు. మా సంగీతోపాధ్యాయురాలు దానిని విని, శ్రుతి కలియని హార్మోనియపు రీడులు రెండు ఒక్కసారి నొక్కినట్లున్నదనిరి. వారి మాట అక్షరాల నిజము, రెంటికిని కారణమొక్కటే. ఒక పెట్టెలో ఒక్క పంకాయే యుండవలెనని మేము చెప్పుటకు ఇది రెండవ కారణము. పంకాను రేకునకు ఇనుప మరలతో బిగించుటకు బదులు రబ్బరు బిళ్లలతో తగిలించినయెడల వణకు పెట్టెకు అంటదు. ఇది స్వల్ప వ్యయము.

లోపలి యిరుసును గూర్చి అంగడివారు చెప్పరు, మనమే యడుగవలెను. చవుక పంకాలలో స్లీవు బేరింగు అనబడు సాదా గొట్టపు ఇరుసు నూనెతో నడచును. కొత్తలో అది చాల శాంతముగా నుండును. కొనువారు మోసపోవునది ఇచ్చటనే. మన యెండలకును, మన దుమ్మునకును ఆ నూనె ఎండిపోయి గరగరలాడ నారంభించును. గుండ్ల బేరింగు వేడికి బాగుగ ఓర్చుకొనును గాని మొదటినుండియు కొంత సద్దు చేయును. ద్రవపు పొరమీద ఇరుసు తేలునట్లు చేసిన ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగు రెండు గుణములను కొంతవఱకు కలిగియున్నది. పాఠశాలకు తగినది ఇదే. మూడు సంవత్సరముల క్రిందట మేము ఒక పట్టణపు దుకాణములో "నిశ్శబ్దము" అని యట్టమీద వ్రాసియున్న పంకాలు నాలుగు కొనితెచ్చితిమి. ఇరుసు మాట యడుగలేదు. వానలు వెలిసి ఎండలు వచ్చునప్పటికి నాలుగింట మూడు గరగరమనుచుండెను. తిరిగి తీసికొనిపోగా, గాలి వచ్చుచున్నది గదా యని దుకాణదారుడు నవ్వెను. అతనిని ఏమనగలము? గాలి వచ్చుచున్న మాట నిజమే.

ఇంకొక సంగతి చెప్పుకొనవలసియున్నది. ఇది మా తప్పిదమే. ఒక యేప్రిలు మాసములో వార్షికోత్సవపు పాటలను కంప్యూటరులో రికార్డు చేయుచుంటిమి. మైకులో పిల్లల గొంతుకంటె పంకా హోరే ముందు పడుచుండెను. మేము తెలివియనుకొని, పెట్టె తెఱచి, ప్రాసెసరు మీది పంకా తీగను ఊడదీసితిమి. గది ప్రశాంతమాయెను. పిల్లలు చక్కగా పాడిరి. ప్రాసెసరు వేడెక్కినకొలది తన వేగమును తానే తగ్గించుకొనును. సుమారు నూరు డిగ్రీలు సమీపించి ఇంకను వేడి తగ్గనిచో తన్ను తాను కాపాడుకొనుటకు యంత్రమును ఆర్పివేయును. ఆనాడును అట్లే జరిగెను. నాలుగవ పాట నడుమ తెర నల్లబడెను. అప్పటివఱకు పాడినది మేము భద్రపఱచియుండలేదు. మరల పాడింపవలెనని చూచునప్పటికి, పల్లవి యెత్తుకొను బాలిక సాయంకాలపు బస్సునకు తన యూరు వెళ్లిపోయియుండెను. ఆ సంవత్సరము ఆమె గొంతు లేకుండనే పాటలు వినిపించితిమి. ఆమె మమ్ము ఒక్క మాటయైనను అనలేదు. సద్దు పోగొట్టుటకు పంకాను ఆపుటయే మార్గమని యెవరైనను చెప్పినయెడల మాకు ఆ బస్సు జ్ఞాపకము వచ్చును.

సరియైన మార్గము పంకాకు పగ్గము వేయుట. పంకాల తీగల చివర మూడు సూదులు గాని నాలుగు సూదులు గాని పట్టు కొస యుండును. మూడింటిదానికి వోల్టేజి తగ్గించి వేగము తగ్గింతురు. మరీ తగ్గించినయెడల అది తిరుగుట మానును. నాలుగింటిదానికి 12 వోల్టులును ఎప్పటివలెనే యుండి, నాలుగవ తీగ వెంట సెకనుకు సుమారు 25,000 మారులు ఆజ్ఞలు పోవుచుండును. మనుష్యుని చెవి సెకనుకు 20,000కు మించిన కంపములను వినలేదు గనుక ఆ ఆజ్ఞల సద్దు మనకు వినబడదు. కొంచెము ధర హెచ్చినను నాలుగింటిదే కొనవలెను. పిమ్మట యంత్రము మేల్కొనునప్పుడు కనబడు అమరికల పుటలో, ఎంత వేడికి ఎంత వేగమో ఒక గీత గీయవలెను. ఆ గీత నిట్టనిలువుగా నుండరాదు. పేజీ తెఱచినప్పుడెల్ల గుయ్యిమని లేచి, మూసినప్పుడెల్ల పడిపోవు పంకా, నిలుకడగా కొంత సద్దు చేయు పంకాకంటె ఎక్కువ విసిగించును. డిసెంబరు చలిలో ఈ గీత గీసి సంతోషించుట వలన ప్రయోజనము లేదు. పంకా యెంతటిదైనను పెట్టెను గదికంటె చల్లగా చేయలేదు. రెంటచింతల యెండలను గూర్చి విననివారు తెలుగు దేశమున లేరు. మన యూరు దానికి మిక్కిలి వెనుకబడినది కాదు. గదిలో 40 డిగ్రీలున్ననాడు పెట్టెలోని గాలి 50 ఉండును. కనుక యేప్రిలు మాసములో, మధ్యాహ్నము రెండు గంటలకు, అన్ని యంత్రములను గంటసేపు నడిపి, ఆ గీతను సరిచూడవలెను.

కొనుటకు ముందు తుడుచుట మంచిది. మొన్న శనివారము మేమును పదవ తరగతి బాలురిద్దఱును కలిసి మూడు పెట్టెలు తెఱచితిమి. మొదటిదానిలో సుద్దపొడియు, దూదివంటి దుమ్మును ప్రాసెసరు మీది అల్యూమినియపు రెక్కల నడుమ కంబళివలె పేరుకొని యుండెను. రెండవదానిలో బల్లి రెండు గ్రుడ్లు పెట్టియుండెను. వెచ్చని చోటే యెన్నుకొన్నది. మూడవదానిలో ప్రాసెసరునకును దాని దిమ్మకును నడుమ పూయు లేపనము ఎండి బెరడు కట్టియుండెను. మెత్తని కుంచెతో తుడిచి, కొత్త లేపనము పూయగా మూడింటిలో రెండు యంత్రముల సద్దు వినదగినంతగా తగ్గెను. వేడి పోవు దారి తెఱచుకొన్నందున పంకా పరుగెత్తవలసిన యగత్యము లేకపోయెను. ఊదునప్పుడు రెక్కను వ్రేలితో పట్టియుంచవలెను. లేనిచో మితిమీరి తిరిగి ఇరుసు చెడును. పవర్ సప్లై డబ్బాను మాత్రము ఎవరును విప్పరాదు. కరెంటు తీసిన తరువాతను అందులోని కెపాసిటర్లు ప్రాణాంతకమైన విద్యుత్తును పట్టియుండవచ్చును. దాని పంకా చెడినయెడల డబ్బానే మార్చవలెను. బాలురు ఇంటివద్ద ఈ పని చేయబూనకుండ తల్లిదండ్రులు కనిపెట్టవలెనని మా మనవి.

తలమీద తిరుగు పంకాలు అంత హోరు చేయుచుండగా పెట్టెలోని చిన్న పంకాలను గూర్చి ఇంత చర్చయేల యని ఒక మిత్రులు మమ్ము పరిహసించిరి. న్యాయమైన ప్రశ్నయే. అందుచేత మేము ఒకనాడు పాఠశాల విడిచిన పిదప తలమీది పంకాలను ఆపి యంత్రములను మాత్రము నడిపితిమి. తరువాత యంత్రములను ఆపి తలమీది పంకాలను నడిపితిమి. వెనుక బల్లమీద ఒక బాలుని కూర్చుండబెట్టి, రెండు మారులును కొన్ని మాటలు చదివి వ్రాయించితిమి. యంత్రములు మాత్రమే నడచునప్పుడు అతడు ఎక్కువ తప్పులు వ్రాసెను. తలమీది పంకా నూనె వేసిన పాత పంకా. అది గాలిధ్వని చేయును గాని కూయదు. ఒక్క బాలుని పరీక్షతో శాస్త్రము స్థాపించితిమని మేము చెప్పము. అయినను నవంబరునుండి ఫిబ్రవరి వఱకు తలమీది పంకాలు ఆగియే యుండును. పరీక్షలకు చదువుకొను కాలమే యది.

రంగుదీపముల మాట కొద్దిలో ముగింతుము. దీపము గాలిని తోలదు. దీపములకు పెట్టు ద్రవ్యము ఇరుసునకు పెట్టినది మేలు. ఇక మిక్కిలి శ్రేష్ఠమైనవే కొందమనువారికి కూడ ఒక మాట. ఆస్ట్రియా దేశపు నోక్టువా యను సంస్థ 2005వ సంవత్సరమునుండి పంకాలు చేయుచున్నది. వారు 2018వ సంవత్సరములో వెలువరించిన ఒక 120 మిల్లీమీటర్ల పంకాలో రెక్క కొనకును చట్రమునకును నడుమ అర మిల్లీమీటరు మాత్రమే యెడము విడిచిరి. తిరుగుడు బలమునకు రెక్క సాగి చట్రమును తాకకుండ దానికొఱకు ప్రత్యేకమైన గట్టి ప్లాస్టిక్కును వాడిరి. అది గోధుమరంగు, మీగడరంగు కలిసి చూచుటకు మన పాత ఆఫీసు బీరువావలె నుండును, పనితనమునందు మెచ్చదగినది. కాని అట్టిదొకటి కొను సొమ్ముతో ద్రవ బేరింగు గల సామాన్యమైన మంచి పంకాలు మూడు కొనవచ్చును. మెల్లగా తిప్పునప్పుడు రెంటి నడుమ భేదము మిక్కిలి కొంచెము. పదునెనిమిదింటికిని శ్రేష్ఠమైనవి కొనుట దుబారా యని మా యభిప్రాయము. కొందఱు పంకాయే లేని యంత్రములను కొనుమనుచున్నారు. 2020వ సంవత్సరములో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 400 అనునది కీబోర్డులోనే కంప్యూటరు నిమిడ్చుకొని, లోపలి లోహపు పలకచేతనే చల్లబడుచున్నది. కొత్త గది కట్టునాడు వానిని తప్పక ఆలోచింపవలెను. ఇప్పుడు నడచుచున్న పదునెనిమిదింటిని పాఱవేయలేము గదా.

కావున మేము కోరునది ఇది. రంధ్రముల యెడము 105 మిల్లీమీటర్లు గల పండ్రెండు యంత్రములకు వెనుకవైపున 120 మిల్లీమీటర్ల, నాలుగు సూదుల, ద్రవ బేరింగు పంకా ఒక్కొక్కటి. రబ్బరు బిళ్లలతో బిగింపు. పంకా చట్రమునకు మోటారు పుల్లలు గల ప్రక్కనుండియే గాలి వెలువడును గనుక ఆ ప్రక్క బయటికి చూచునట్లు బిగించిరో లేదో ప్రతిదానికిని కాగితపు ముక్క పట్టి చూడవలెను; మా బాలురిద్దఱిలో ఒకడు మొన్న తలక్రిందుగా బిగించి, చల్లబడుట లేదేమని వగచుచుండెను. ఆరు పాత పెట్టెలకు 80 మిల్లీమీటర్లవే కొనక తప్పదు. వానిని తలుపు ప్రక్కకు, ఉపాధ్యాయునికిని వెనుక బల్లకును దూరముగా జరుపవలెను. పాత పెట్టెలవద్ద పాఠమునకు కాక అచ్చుపనికి వచ్చువారు కూర్చుందురు గాక. ప్రాసెసరు మీది పంకాలు తుడిచి, లేపనము మార్చిన పిదప ఎన్ని మిగిలి మార్పు కోరునో అన్నియే మార్చవలెను. లెక్కలు వేసి చూచితిమి. మంజూరైన ద్రవ్యములో కొంత మిగులును. వ్యాయామోపాధ్యాయులు ఈ వాక్యమును తప్పక చదువుదురు గాక.

ఒక్క యంత్రమునకు మాత్రము శ్రేష్ఠమైన పంకాయే కావలెనని మేము పట్టుపట్టుచున్నాము. అది కిటికీ మూలనున్న ఏడవ సంఖ్య యంత్రము. ఆ బాలుడు కూర్చుండునది. మాదిరికొఱకు ఒక స్నేహితుని యొద్దనుండి రెండు పంకాలు ఎరువు తెచ్చి, అతనికి ఏది యేదో చెప్పక, ఒకే వేగమున ఒకదాని తరువాత ఒకటి తిప్పి వినిపించితిమి. అతడు తల వంచుకొని చాలసేపు వినెను. "మొదటిదానిలో చక్రము వినబడుచున్నదండి, రెండవదానిలో గాలి మాత్రమే వినబడుచున్నదండి" యని చెప్పెను. రెండవది ఆ బీరువారంగు పంకా. కమిటీవారు సమావేశమగుటకు ముందు ఏ రోజుననైనను నాలుగు గంటల తరువాత వచ్చినయెడల రెంటిని వారికిని వినిపించెదము. పదునెనిమిది పెట్టెల కొలతలు వ్రాసిన కాగితము మా మేజా సొరుగులో నున్నది.